బెకెట్ పుట్టింది 1118లోనా, 1120లోనా?

సంపాదకుడు గారికి,

ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ (ప్రధాన క్రైస్తవ మతాధిపతి) థామస్ బెకెట్ గురించి గత ఆదివారం వచ్చిన వ్యాసంలో ఆయన 1118లో పుట్టారని, 1171లో హత్యకు గురయ్యారని, తల్లి అరబ్బు స్త్రీ అని రాశారు. ఈ మూడూ పాత పుస్తకాల్లో ఉన్నవే. అలాగే ఎత్తిరాయడంతోనే చిక్కు.

హత్య జరిగింది 1170 డిసెంబరు 29, మంగళవారం. ఆనాటి మఠాల్లో చాలామంది చరిత్రకారులు క్రిస్మస్ నాడే కొత్త ఏడు మొదలుపెట్టేవారు. వాళ్ల లెక్కలో 1171 అప్పటికే వచ్చేసింది. మన శాసనాల్లో గత (పూర్తయిన) శకవర్షమా, వర్తమాన (నడుస్తున్న) శకవర్షమా అని చూసుకోకపోతే సరిగ్గా ఇలాగే ఏడాది తప్పుతుంది.

పుట్టిన ఏడు మీద వాదం మాత్రం నిజంగానే ఉంది. తేదీ డిసెంబరు 21. అది సెయింట్ థామస్ పండుగ, బిడ్డకు ఆ పేరే పెట్టారు. ఏడు పాత పుస్తకాల్లో 1118. ఇటీవలి పండితులు ఎక్కువగా 1120 వైపు మొగ్గుతున్నారు. బెకెట్ జీవితంలో ముఖ్య ఘట్టాలన్నీ మంగళవారమే జరిగాయని, పుట్టుక కూడా అంతేనని భక్తుల నమ్మకం. లెక్క కడితే 1120 డిసెంబరు 21 మంగళవారమే, 1118లో శనివారం. (12వ శతాబ్దంలో అప్పటి జూలియన్, ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్ల తేడా కచ్చితంగా 7 రోజులు, అందుకని ఏది వాడినా వారం మారదు.)

దీన్నే రుజువు అనుకుంటే పొరపాటు. 1164 అక్టోబరు 13న నార్తాంప్టన్ కోట విడిచి వెళ్లడం, 1170 డిసెంబరు 1న ప్రవాసం నుంచి తిరిగి రావడం, హత్య... ఇవి నిజంగా మంగళవారాలే. 1220 జూలై 7న అస్థికలను కొత్త సమాధిలోకి మార్చిందీ మంగళవారమే. ఇన్ని కుదిరాక పుట్టుకను కూడా భక్తులు ఆ వరసలో చేర్చి ఉండవచ్చు. అందువల్ల ‘బహుశా 1120’ అని రాయడమే న్యాయం. అప్పుడు చనిపోయేనాటికి వయసు 50 ఏళ్ల 8 రోజులు. 1118 అనుకుంటే 52 ఏళ్లు.

తల్లి సంగతిలో అంత సందేహం లేదు. ఆమె పేరు మటిల్డా. భార్యాభర్తలిద్దరూ లండన్‌లో స్థిరపడిన నార్మన్ మూలాలవారు. బెకెట్‌ను దగ్గరగా ఎరిగిన జాన్ ఆఫ్ సాల్స్‌బరీ, విలియం ఫిట్జ్‌స్టీఫెన్ రాసిన జీవిత చరిత్రల్లో అరబ్బు కన్య కథ లేదు. అది తర్వాతి కాలంలో అల్లింది.

హత్య జరిగిన ఏడును, తల్లి వివరాన్ని సవరించి, జన్మ సంవత్సరం పక్కన ‘బహుశా’ చేర్చి ప్రచురించగలరు.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు