అమ్మ పింఛను ఫైలు వెంట నడిచిన వారికి కృతజ్ఞతలు

నాన్న పోయిన పదహారు నెలలకు, అమ్మకు రావలసిన సైనిక కుటుంబ పింఛను బకాయిలతో సహా గత మంగళవారం ఆమె ఖాతాలో జమ అయింది. డబ్బు పడినట్టు ఫోనుకు వచ్చిన సందేశం ఇంగ్లీషులో ఉన్నందువల్ల అమ్మ దానిని పింఛను ఫైలు మీద వచ్చిన మరో అభ్యంతరం అనుకొని, సాయంత్రం నేను ఇంటికి వచ్చేదాకా ఫోనును గూట్లో పెట్టి ఉంచింది. సాయపడిన వారందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి దండం పెట్టడం కుదరదు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాన్న పద్దెనిమిదేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా తిరిగి వచ్చారు. ఊరికి ఆయన చివరిదాకా ‘మిలిట్రీ సారే’. పింఛను తీసుకుంటున్న సైనికుడు మరణిస్తే భార్యకు కుటుంబ పింఛను ఇవ్వాలన్న నియమాన్ని ఎవరూ కాదనరు. మరణించినవారు 67 ఏళ్లు దాటి ఉంటే ఆ పింఛను ఆయన చివరి జీతంలో 30 శాతం చొప్పున ఉంటుంది, నెలకు 9,000 రూపాయలకు తగ్గదు, దానిపై కరువు భత్యం వస్తుంది. మరణించిన మరుసటి రోజు నుంచే లెక్క కడతారు గనుక ఆలస్యమైనా డబ్బు ఎక్కడికీ పోదని చాలామంది ధైర్యం చెప్పారు. నిజమే, కానీ మందుల దుకాణం వాళ్లు ఎప్పుడో వచ్చే బకాయిల మీద బీపీ గోలీలు ఇవ్వరు.

చిక్కంతా అమ్మ పేరులో ఉన్న ‘క్ష’ అనే ఒక్క అక్షరం దగ్గర వచ్చింది. సైన్యం నుంచి వచ్చేటప్పుడు నాన్నకు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకంలో ఏ గుమాస్తానో దానిని కె, ఎస్, హెచ్ అని రాశాడు. ఆధార్ కార్డులో, మన దిక్కున ఎక్కువమంది రాసుకునేటట్టు, ఎక్స్ అని ఉంది. పైగా మనం ముందు పెట్టుకునే ఇంటిపేరు ఒకచోట పేరు చివరికి పోయింది, ఇంకొకచోట అసలే లేదు. తెలుగులో చూస్తే ఆమె పేరు ఎన్నడూ మారలేదు. ఆధార్ కార్డు మీది తెలుగు వరుసలో, పాత రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో ఒకే తీరుగా ఉంది. ఫైలు చూసే చోట మాత్రం తెలుగు వరుసను చదివేవారు లేరు; వారు చదివే లిపిలో వారికి ఇద్దరు వేర్వేరు ఆడవాళ్లు కనిపించారు.

మొదటి అభ్యంతర పత్రం వచ్చినప్పుడు అమ్మ దానిని నాన్న నల్ల ట్రంకు పెట్టెలో, ఆయన పతకాల డబ్బా కింద భద్రంగా దాచింది. అది జవాబు అడుగుతున్న ఉత్తరమని ఆమెకు తెలియదు. అందులో ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు నొక్కమనేది. మూడు నొక్కితే తెలుగు వస్తుందేమోనని అమ్మ రెండుసార్లు నొక్కి చూసింది. నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ని. ఆ పత్రంలో మాటలు విడివిడిగా తెలిసినవే గానీ, మొత్తం మీద మమ్మల్ని ఏం చేయమంటున్నారో తేలలేదు. తెలిసినవారొకరు ‘ఆధార్‌లో పేరు మార్పిస్తే అయిపోతుంది’ అంటే మార్పించాను. దాంతో ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ పొంతన కుదరక మరో మూడు నెలలు పోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే.

అక్కడి నుంచి మమ్మల్ని ఒడ్డుకు చేర్చినవారు నల్లగొండలో ఉంటున్న ఒక విశ్రాంత సుబేదారు గారు. ఆయన మా పత్రాలన్నీ చాప మీద పరిచి, డిశ్చార్జి పుస్తకాన్ని పేజీ పేజీ తిప్పి, నాన్న పెళ్లిని నమోదు చేసిన సైనిక ఉత్తర్వు, అంటే పార్ట్ టూ ఆర్డర్, నంబరును మసకబారిన సిరాలో వెతికి పట్టుకున్నారు. ‘పేర్లు మార్చుకుంటూ పోవద్దు, రెండు పేర్లూ ఒక్కరివేనని రుజువు చేయాలి’ అన్నది ఆయన చెప్పిన మాట. ఆ తర్వాత పని ఒక దారిన పడింది. జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని కూడా ఆయనే చెప్పారు. అక్కడ మాకు కుదిరిన న్యాయవాది అమ్మాయి అఫిడవిట్‌ను ఇంగ్లీషులో రాసి, తెలుగులో అమ్మకు రెండుసార్లు చదివి వినిపించి, అర్థమైందని అమ్మ నోటితో చెప్పిన తర్వాతే సంతకం పెట్టించింది. పదహారు నెలల్లో తాను దేని మీద సంతకం పెడుతున్నదో అమ్మకు తెలిసిన రోజు అదొక్కటే.

మా ఊరి హైస్కూలు ఇంగ్లీషు సారు ప్రతి ఉత్తరానికీ తెలుగు అనువాదం రాసి, దాని వెనుకకు పిన్ను కొట్టి ఇచ్చారు. సైనిక సంక్షేమ కార్యాలయంలోని ఉద్యోగి ఒకరు అమ్మ తెలుగు దరఖాస్తును వెనక్కి నెట్టకుండా తీసుకొని, ఇంగ్లీషు ప్రతిని జతచేసి తామే పైకి పంపారు. ఆయన చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది: కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా తన బాధ చెప్పుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా ఇంగ్లీషు, హిందీలతో పాటు ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు పెట్టుకోనిస్తుంది. అడగడానికి తెలుగు చాలునన్న మాట. జవాబు మాత్రం అడిగినావిడకు రాని భాషలో వస్తే, గడువు మొదలైన సంగతి కూడా ఆమెకు తెలియదు; ఆ గడువు దాటిన నేరం ఆమె మీదనే పడుతుంది. ఆలస్యానికి పని ఒత్తిడి కారణమంటే ఒప్పుకుంటాను, ఈ సంగతిని మాత్రం ఒప్పుకోలేను.

మహాలక్ష్మి పథకం పుణ్యాన బస్సులో అమ్మకు జీరో టికెట్టు గనుక సరిపోయింది. లేకపోతే నల్లగొండకు తిరిగిన పద్నాలుగు సార్లకు చార్జీలు అప్పు చేయవలసి వచ్చేది. ఆమెకు ప్రతిసారీ ముందు సీటు ఆపిన కండక్టరు అక్కకు, జిరాక్సులకు డబ్బు తీసుకోని మీసేవ తమ్ముడికి కూడా నమస్కారాలు. సుబేదారు గారికి అమ్మ ఒక సంచి బత్తాయిలు పంపితే, ఆయన రెండు ఉంచుకొని మిగిలినవి న్యాయవాది అమ్మాయికి పంపించారు.

ఇంట్లో మాజీ సైనికులున్నవారు, ఆయన బతికుండగానే పీపీఓలోనూ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) డిశ్చార్జి పుస్తకంలోనూ భార్య పేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో ఆధార్ పక్కన పెట్టి ఒక్కసారి చూసుకోండి. తేడా ఉంటే సరిచేయమని ఆయన సంతకంతో దరఖాస్తు పంపడం చాలా తేలిక. మా అఫిడవిట్ నమూనాను, దాని తెలుగు ప్రతిని, అమ్మ వివరాలు కొట్టేసి, మా ఊరి మీసేవ కేంద్రంలో పెట్టాము. అడిగితే ఇస్తారు.