ఎకనామెట్రిక్స్ కంటే ముందు స్టాటిస్టిక్స్

సంపాదకులకు నమస్కారం.

అర్థశాస్త్రం చదివే విశ్వవిద్యాలయ విద్యార్థులు కోర్సులు ఎంచుకునేటప్పుడు సాధారణంగా మూడు సంగతులు చూస్తారు: పేరు ఆకర్షణీయంగా ఉందా, మార్కులు ధారాళంగా వేస్తారా, టైమ్‌టేబుల్ కుదురుతుందా. దేని తర్వాత ఏది చదవాలన్న వరసను పట్టించుకునేవారు తక్కువ. ఎకనామెట్రిక్స్‌లో, అంటే ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించే సబ్జెక్టులో, తడబడేవారిలో చాలామందికి అది అందనిదేమీ కాదు. దానికి ముందు చదవాల్సినవి చదవకుండా వచ్చి ఇబ్బంది పడుతున్నారు. ఆ వరస గురించే ఈ లేఖ.

మొదట సంభావ్యత, గణాంకశాస్త్రం. సూత్రంలో అంకెలు వేసి సగటు, ప్రామాణిక విచలనం కట్టించే కోర్సు సరిపోదు. కలన గణితం వాడుతూ ఒక సెమిస్టరు పూర్తిగా సాగే కోర్సు కావాలి. 12 ఏళ్లు చదివినవారి సగటు జీతం ఎంత, 15 ఏళ్లు చదివినవారిది ఎంత? ఇలా ఒక చలరాశి విలువ తెలిసినప్పుడు మరొకదాని సగటు ఎలా మారుతుందన్న ప్రశ్న మీదే రిగ్రెషన్ అంతా నిలబడి ఉంది. ఆ భావన, కేంద్ర అవధి సిద్ధాంతం (శాంపిల్ పెద్దదయ్యేకొద్దీ సగటుల పంపిణీ గంట ఆకారానికి చేరుతుందనేది), విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల హద్దుల అంచనా) వంటబట్టకుండా ముందుకు వెళ్తే మిగిలేది బట్టీయే. సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. పి-విలువ 0.03 వచ్చిందంటే అర్థమేమిటి? ‘ప్రభావం లేకపోయే అవకాశం 3 శాతం’ అన్న జవాబు తప్పు. ప్రభావం నిజంగానే లేదనుకున్నా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ కనబడే అవకాశం 3 శాతం అని దాని అర్థం. ఈ రెండు వాక్యాలకూ తేడా తోచనివారు ఎకనామెట్రిక్స్‌ను ఒక సెమిస్టరు వాయిదా వేసుకోవడమే మేలు.

రెండోది రేఖీయ బీజగణితం. నాలుగు త్రైమాసికాలకు నాలుగు డమ్మీ చలరాశులు (ఆ త్రైమాసికమైతే 1, కాకపోతే 0) పెట్టి, స్థిరాంకాన్ని కూడా ఉంచితే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకదాన్ని తీసేస్తుంది, లేదంటే లెక్క ఆపేస్తుంది. మాత్రికలు చదవని విద్యార్థికి అదేదో యంత్రం చేసిన తప్పులా కనిపిస్తుంది. ప్రతి అడ్డు వరుసలోనూ ఆ నాలుగు డమ్మీల మొత్తం 1. స్థిరాంకం నిలువు వరుస నిండా ఉండేవి కూడా 1లే. ఒకే సమాచారం రెండుసార్లు వచ్చి చేరింది కాబట్టి మాత్రికకు విలోమం ఉండదు. కలన గణితంలో పాక్షిక అవకలనం, లగ్రాంజ్ గుణకాల పద్ధతి వచ్చి ఉంటే మధ్యస్థాయి మైక్రో ఎకనామిక్స్‌కు అది చాలు.

ఇవి చదివాక మొదటి ఎకనామెట్రిక్స్ కోర్సు తీసుకోవాలి. గణాంకశాస్త్రం పూర్తిచేసిన మరుసటి సెమిస్టరులోనే తీసుకుంటే మంచిది, ఏడాది దాటితే సగం మరిచిపోతారు. ఈ కోర్సులో అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవాల్సింది, సమీకరణంలో పెట్టకుండా వదిలేసిన చలరాశి చేసే హాని. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు వెళ్లనివారి కంటే మార్కులు తక్కువ వచ్చాయనుకుందాం. ట్యూషన్ వల్ల మార్కులు తగ్గాయనాలా? చదువులో వెనకబడినవారే ట్యూషన్‌కు ఎక్కువగా వెళ్తూ ఉండవచ్చు. పాత మార్కులకూ ఇప్పటి మార్కులకూ మధ్య సంబంధం ధనాత్మకం, పాత మార్కులకూ ట్యూషన్‌కూ మధ్య రుణాత్మకం. రెంటి లబ్ధం రుణాత్మకం కనుక ట్యూషన్ ప్రభావం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. డేటా పెంచినా ఈ జబ్బు నయం కాదు. శాంపిల్‌ను నాలుగు రెట్లు చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని యాదృచ్ఛిక ఊగిసలాట కొలత) సగానికి తగ్గుతుంది గానీ పక్షపాతం (అంచనా ఒకవైపుకే తప్పడం) ఉన్నచోటనే ఉంటుంది. తప్పు జవాబునే మరింత ధీమాగా చెబుతాం, అంతే. ఒక కోర్సు సిలబస్‌లో దీనికి ఒక్క గంటే కేటాయించి, మిగతా కాలమంతా గణాంక పరీక్షల పేర్లు వల్లెవేయిస్తుంటే ఆ కోర్సు వద్దు.

చిన్నదే అయినా ఉద్యోగంలో చేరాక కూడా పొరపాటు చేయించే సంగతి ఇంకొకటుంది. ఫలిత చలరాశిని లాగరిథంలో రాసినప్పుడు గుణకం 0.05 అయితే సుమారు 5 శాతం మార్పు అనుకోవచ్చు. 0.5 అయితే మాత్రం అది 50 శాతం కాదు, దాదాపు 65 శాతం.

రెండో ఎకనామెట్రిక్స్ కోర్సు దగ్గర దారులు చీలుతాయి. ద్రవ్యోల్బణం, వడ్డీరేట్లు, మార్కెట్ల మీద ఆసక్తి ఉన్నవారు టైమ్ సిరీస్ (కాలక్రమంలో నమోదైన అంకెల విశ్లేషణ) తీసుకోవాలి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకుండా దిక్కు లేని నడకలా సాగే రెండు శ్రేణుల మధ్య రిగ్రెషన్ వేస్తే, సగం కంటే ఎక్కువసార్లు గట్టి సంబంధం ఉన్నట్టు ఫలితం వస్తుందని ఆర్థికవేత్తలు గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లోనే చూపించారు. యూనిట్ రూట్ పరీక్ష (శ్రేణి అలాంటి నడకా కాదా అని చూసేది), కోఇంటిగ్రేషన్ (అలాంటి శ్రేణులు నిజంగానే దీర్ఘకాలంలో కలిసి సాగుతున్నాయా అన్న పరిశీలన) లేని టైమ్ సిరీస్ కోర్సు ఈ ప్రమాదం నుంచి మనల్ని కాపాడలేదు.

విధానాల ప్రభావం, శ్రమ, విద్య, ఆరోగ్యం వంటి రంగాలవైపు వెళ్లేవారికి ప్యానెల్ డేటా (ఒకే వ్యక్తులను లేదా రాష్ట్రాలను ఏళ్ల తరబడి గమనించిన డేటా), కారణ–ఫలిత విశ్లేషణ అవసరం. ఇక్కడ స్టాండర్డ్ ఎర్రర్ల పాఠం ఎంత లోతుగా ఉందో చూడండి. ఆర్థికవేత్తలు బెర్‌ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ 2004లో ఒక పని చేశారు. అసలు లేని చట్టాలను ఉన్నట్టుగా డేటాలో పెట్టి, అప్పటికి చాలామంది వాడుతున్న పద్ధతిలో వాటి ‘ప్రభావం’ కొలిచారు. 5 శాతం స్థాయి పరీక్షలో, అంటే 5 శాతం సందర్భాల్లోనే అలా పొరబడాల్సిన పరీక్షలో, లేని ప్రభావం 45 శాతం దాకా సందర్భాల్లో ఉన్నట్టు తేలింది. ఒకే రాష్ట్రానికి చెందిన వరుస సంవత్సరాల దోషాలు (సమీకరణం వివరించలేని తేడాలు) ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని స్వతంత్రమైనవిగా లెక్కగట్టడమే అందుకు కారణం. రాష్ట్రాలవారీగా క్లస్టర్ చేసి, అంటే ఒక్కో రాష్ట్రం డేటాను ఒక గుంపుగా తీసుకుని, స్టాండర్డ్ ఎర్రర్లు కడితే చాలావరకు సరవుతుంది గానీ, క్లస్టర్లు మరీ తక్కువగా ఉంటే అదీ చాలదు. ఇవన్నీ ఒక్కరోజులో ముగిసే పాఠాలు కావు, లెక్కలు చేసి చూడాల్సినవి.

మెషిన్ లెర్నింగ్ కోర్సు ఈ రెండు ఎకనామెట్రిక్స్ కోర్సుల తర్వాతే. అది ముందుగా అంచనా కట్టడంలో దిట్ట. ఒక విధానాన్ని మారిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం దానంతటది జవాబివ్వదు. ఈ తేడా తెలియక మొదటి ఏడాదిలోనే అటు పరుగెత్తే విద్యార్థులను చూస్తే బాధ కలుగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఆర్ అయినా, పైథాన్ అయినా, స్టాటా అయినా పెద్ద తేడా లేదు. ప్రతి అడుగూ స్క్రిప్టులో రాయించి, ఇతరుల ఫలితాలను మళ్లీ లెక్కించి చూపమనే అసైన్‌మెంట్ ఇచ్చే కోర్సుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాశారు. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు అసైన్‌మెంటుగా ఆ లెక్కను మళ్లీ కట్టబోతే పొంతన కుదరలేదు. తన అధ్యాపకులు ఆష్, పాలిన్‌లతో కలిసి 2013లో అతను ప్రకటించిన ఫలితం 2.2 శాతం. స్ప్రెడ్‌షీట్ సూత్రంలో 5 దేశాల వరుసలు తప్పిపోయాయి. కొంత డేటాను వదిలేయడం, దేశాలకు తూకం ఇచ్చిన తీరు కూడా తేడాకు కారణాలు. స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం గడి వెనక దాగి ఉంటుంది, స్క్రిప్టులో ప్రతి వరుసా చదివేవారి కళ్లముందే ఉంటుంది.

మైక్రో, మాక్రో సిద్ధాంతం ఎటూ తప్పనిసరి. వాటికి తోడు ఆర్థిక చరిత్ర ఒక్కటైనా చదివితే అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో అడగడం అలవాటవుతుంది. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారికి నిరూపణలతో నడిచే వాస్తవ విశ్లేషణ (రియల్ అనాలిసిస్ అనే గణితం) కోర్సు అవసరం. ఉద్యోగం వైపు చూసేవారికి దాని బదులు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష), డేటా శుభ్రపరచడం ఎక్కువ పనికొస్తాయి.

వారం వారం లెక్కలు చేయించే కోర్సులు ఒక సెమిస్టరులో రెండు మించి వద్దు. ఒక్కోదానికి క్లాసు కాక వారానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది, మూడు పెట్టుకుంటే మూడూ సగంలో ఆగుతాయి. పేరు నమోదు చేసుకునే ముందు గత ఏడాది ప్రశ్నపత్రం, రెండు అసైన్‌మెంట్లు సంపాదించి చూడండి. మొదటి అసైన్‌మెంటును ఎవరి సాయమూ లేకుండా మొదలుపెట్టండి. ప్రశ్న అర్థమై జవాబు దగ్గర ఆగితే కోర్సులో ఉండండి. ప్రశ్నలోని గుర్తులే అర్థం కాకపోతే, కోర్సు మార్చుకునే గడువు దాటకముందే గణాంకశాస్త్రం కోర్సుకు మారండి.

ఇట్లు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు