బిట్లలోనే మిగిలిపోయిన మనోవిజ్ఞానం

సంపాదకులకు,

ఆర్యా,

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పేపరులో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, అధ్యాపన శాస్త్రాలవే. అందుకే అభ్యర్థులకు పిల్లల ఆలోచన ఎదిగే తీరుపై పియాజే చెప్పిన దశలూ, మరపు ఎలా సాగుతుందో చూపే ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖా బిట్ల రూపంలో నోటికి వచ్చేస్తాయి. ఉద్యోగం వచ్చాక అదే ఉపాధ్యాయుడు పాఠం ముగించి, జవాబులు బోర్డు మీద రాసి, పిల్లలచేత నోట్సులో ఎక్కించి, ఇంటికి వెళ్లి పదిసార్లు చదవమని పంపేస్తాడు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా సగం సర్వీసు నేనూ అలాగే గడిపాను.

మరిచిపోవడం నేర్చుకున్న వెంటనే వేగంగా మొదలై క్రమంగా నెమ్మదిస్తుందని జర్మన్ మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రకటించాడు. రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనోవిజ్ఞానులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గానీ, వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చదివినదాన్ని పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే వారిని మించిపోయారు. మన తరగతి గదుల్లో జరిగేది చాలావరకు ఆ మొదటి రకం చదువే.

నేను చేసిన మార్పు చిన్నదే. పీరియడు మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, కిందటి వారం పాఠంలో గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయమనేదాన్ని. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని పదో తరగతిలో సగానికి పైగా పిల్లలు తప్పుగా రాశారు. అంతకుముందు లఘు పరీక్షలో ఇదే అంశానికి వాళ్లకు దాదాపు పూర్తి మార్కులు వేసింది నేనే! వెనుక బెంచీ అమ్మాయి ఒకతె ‘దీనికి మార్కులుంటాయా మేడమ్?’ అని అడిగి, లేవన్నాక తన ఖాళీ కాగితాన్ని దాచుకోకుండా తెచ్చి ఇచ్చింది. తర్వాతి సోమవారం ఆమె ఇచ్చిన కాగితంలో మూడు వాక్యాలున్నాయి. ఒకటి తప్పు, కానీ ఆ తప్పు కూడా ఆమె సొంతంగా ఆలోచించి రాసినదే.

కార్పొరేట్ విద్యాసంస్థల్లో వారం వారం పరీక్షలు పెడుతూనే ఉన్నారు కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. ర్యాంకులు గోడకు అంటించి, వెనుకబడినవారిని సెక్షన్ మార్చే పరీక్ష వేరు, ఏం మరిచిపోయాడో పిల్లవాడికే తెలియజెప్పే పరీక్ష వేరు. మొదటిదానిలో తప్పు రాయడమంటేనే భయం. ఆ భయంలో ఖాళీ కాగితం ఎవరూ చూపించరు. ఏడాది పొడవునా పిల్లల అభ్యసనాన్ని గమనించే నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) ఉద్దేశం ఈ రెండో రకమే అయినా, ప్రాజెక్టు పనులు గైడ్లలోంచి దిగుమతై, అందులో భాగమైన నిర్మాణాత్మక మూల్యాంకనం (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) చివరికి మార్కులు అప్‌లోడ్ చేసే పనిగా మిగిలింది.

విద్యాశాఖకు నా విన్నపం ఒక్కటే. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉత్తర్వులు చదివి వినిపించే సమయంలో కొంత తగ్గించి, పిల్లలు ఇలా రాసిన కాగితాలను ఉపాధ్యాయులు కలిసి చూసే వీలు కల్పించండి. దయచేసి దీనికి కొత్త రిజిస్టరు మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్గొండ జిల్లా