మోక్షం ఇస్తారట, సత్ప్రసాదం మాత్రం ఇవ్వరట

సంపాదకుల వారికి,

మేధోవైకల్యం ఉన్నవారి రక్షణ, అంటే మోక్షప్రాప్తి, గురించి కథోలిక శ్రీసభ (కథోలిక చర్చి) ఏమంటుందో వివరిస్తానంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసానికీ, దాన్ని ఖండిస్తూ మీరు ప్రచురించిన పాఠకుని లేఖకూ విషయం తెలిసిన పెద్దలెవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు కనుక నేను రాయవలసి వచ్చింది. విశ్వాసం లేనిదే రక్షణ లేదు, బుద్ధి లేనిదే విశ్వాసం లేదు, కాబట్టి వీరి సంగతి శ్రీసభ నేటికీ తేల్చలేదని వ్యాసకర్త మూడు ముక్కల్లో తేల్చేశారు. లేఖ రాసిన పెద్దమనిషేమో, వీరంతా పాపమెరుగని దేవదూతలనీ, నేరుగా మోక్షానికే పోతారనీ, వీరికి జ్ఞానస్నానం, సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) వంటి సంస్కారాలతో పనేమిటనీ దయ కురిపించారు. మొదటిది అజ్ఞానం. రెండవది దయలా కనబడుతుంది కనుక మరింత ప్రమాదకరం.

శ్రీసభ తేల్చలేదంటున్న విషయాన్ని 13వ శతాబ్దంలోనే శ్రీసభ మహాపండితుడు పునీత తోమాసు అక్వినాసు చర్చించి, పుట్టుక నుంచీ వివేచన లేనివారికి పసిబిడ్డలకు ఇచ్చినట్లే శ్రీసభ విశ్వాసం ఆధారంగా జ్ఞానస్నానం ఇవ్వాలని రాశారు. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతిలోని 852వ సూత్రం కూడా, తన చర్యలకు తాను బాధ్యత వహించలేని వ్యక్తిని జ్ఞానస్నానం విషయంలో శిశువుగానే పరిగణిస్తుంది. జ్ఞానస్నానం జన్మపాపాన్ని కడిగివేస్తుంది. ఆ తరువాత మనిషి వరప్రసాదాన్ని, అంటే దేవుని కృపను, పోగొట్టుకోవాలంటే చావైన పాపం చేయాలి. అందుకు విషయం గంభీరమైనదై ఉండాలి, చేసేవారికి అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, తెలిసీ మనసారా ఒప్పుకొని చేయాలి. వివేచన బొత్తిగా లేని మనిషికి చివరి రెండూ ఎలా సాధ్యమో వ్యాసకర్తే చెప్పాలి. జ్ఞానస్నానం పొంది, స్వేచ్ఛగా నిర్ణయించుకునే శక్తి రాకముందే మరణించిన పిల్లలు దేవుణ్ణి ముఖాముఖిగా దర్శిస్తారని పన్నెండవ బెనెడిక్టు పోపు 1336లోనే అధికారికంగా ప్రకటించారు. జ్ఞానస్నానం లేకుండా పోయినవారి మాట అంటారా, దేవుడు రక్షణను ఆ సంస్కారంతో ముడివేశాడు గాని తాను మాత్రం తన సంస్కారాలకు కట్టుబడి లేడని శ్రీసభ బోధనలను క్రోడీకరించిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతున్నది. అటువంటి శిశువుల గురించి 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం, రూఢిగా తెలుసునని అనకుండానే, ఆశించడానికి బలమైన కారణాలున్నాయని రాసింది. వ్యాసకర్త ఘనంగా ఉటంకించిన లింబోను, అంటే జ్ఞానస్నానం లేని శిశువులు మోక్షానికి వెలుపల ఉండిపోతారనే చోటును, శ్రీసభ ఎన్నడూ విశ్వాససత్యంగా నిర్వచించలేదు.

ఇక దేవదూతల సంగతి. మేధోవైకల్యం ఉన్న వారందరూ ఒక్క తీరున ఉండరు. మంచిచెడులు తెలిసినవారు, చెల్లెలి మీద చేయిచేసుకుని తరువాత కుమిలిపోయేవారు, అబద్ధమాడి తలదించుకునేవారు వారిలో ఎందరో ఉన్నారు. తమకు తెలిసినంత మేరకు పశ్చాత్తాపపడగల మనిషికి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకొని క్షమాపణ పొందే సంస్కారం) అక్కరలేదనడం అతని మనిషితనాన్ని కాదనడమే. పొగుడుతున్నట్లే పొగిడి, చివరకు గుడి తలుపు దగ్గర నిలబెట్టడానికి ఈ దేవదూత బిరుదు ఎంతగా పనికివస్తున్నదో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది.

మా తమ్ముడి విషయంలో ఒక విచారణ గురువు (మా ప్రాంతపు చర్చి ఫాదరు) మా అమ్మతో అన్నదీ ఇదే. 'అమ్మా, మీ వాడు ఎలాగూ మోక్షానికి పోతాడు, సత్ప్రసాదం ఎందుకు?' సత్ప్రసాదాన్ని పైకెత్తే వేళ ఎవరూ చెప్పకుండానే మోకరిల్లే మనిషి మా తమ్ముడు. వివేచన ఏనాడూ లేనివారికి సత్ప్రసాదం ఇవ్వరాదని అక్వినాసే రాశారని కొందరు గురువులు గుర్తుచేస్తుంటారు. నిజమే, రాశారు, వివేచన తక్కువగా ఉన్నా భక్తి కలవారికి నిరాకరించరాదనీ అక్కడే రాశారు, ఆ భాగం మాత్రం వీరికి గుర్తుండదు. 1910లో పదవ పయస్ పోపు పిల్లల నుంచి సంపూర్ణ జ్ఞానం కోరనక్కరలేదని, మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలునని ఆదేశించారు. ఆ తేడా తెలుసునని మాటల్లోనే చెప్పనక్కరలేదు, సైగలో గాని భక్తిపూర్వకమైన మౌనంలో గాని కనబడినా చాలు, సందేహం ఉంటే జ్ఞానస్నానం పొందిన వ్యక్తి హక్కు వైపే మొగ్గాలి అని అమెరికా పీఠాధిపతులు (బిషప్పులు) 1995లో మార్గదర్శకాలు ఇచ్చారు. పదహారవ బెనెడిక్టు పోపు 2007లో మరొక అడుగు ముందుకు వేసి, వారు తమ కుటుంబపు విశ్వాసంలో, తమ సంఘపు విశ్వాసంలో సత్ప్రసాదం స్వీకరిస్తారని రాశారు. వికలాంగులకు సంస్కారాలను ఎవరూ నిరాకరించరాదని 2020 నాటి వాటికన్ సత్యోపదేశ మార్గదర్శిలో స్పష్టంగా ఉంది. ఇంతకన్నా ఇంకెవరు చెప్పాలి?

అర్హత పరీక్ష పెట్టదలచుకుంటే అందరికీ పెట్టమనండి. వరుసలో చేతులు జోడించి నిలబడే మాబోటి చదువుకున్నవారిని, అప్పద్రాక్షారసాలు క్రీస్తు శరీరరక్తాలుగా ఎలా మారతాయో వివరించమని అడిగితే పీఠం దాకా ఎందరు చేరతారో చూడవచ్చు. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారికి వారి స్థితి అనుమతించినంత మేరకు సత్యోపదేశం (విశ్వాస బోధన) అందేలా చూడడం విచారణ గురువు విధి అని అదే న్యాయస్మృతిలోని 777వ సూత్రం చెబుతున్నది. ఆ విధి గుర్తున్నవారు తక్కువ. వాటికన్ నుంచి పత్రం వస్తుంది, ఒక సదస్సు జరుగుతుంది, శాలువాలు కప్పుకుంటారు, పత్రం బీరువాలోకి వెళుతుంది.

మీ పత్రిక తీరూ అంతకన్నా మెరుగ్గా లేదు. మతానికి సంబంధించిన పేజీ అంటే పండుగల ఫోటోలు, పీఠాధిపతుల రాకపోకలు, దండలు. ఒకప్పుడు ఇటువంటి వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు తెలిసినవారికి చూపించేవారు. ఇప్పుడు ఎవరు ఏది పంపితే అది వేసి, దాని మీద తోచిన లేఖ మరొకటి వేసి, చర్చ జరిపామని సంతృప్తి పడుతున్నట్టున్నారు. ఆ వ్యాసం చదివి తన బిడ్డకు పరలోకంలోనూ చోటు లేదేమోనని భయపడిన తల్లికి మీరు సవరణ బాకీ పడ్డారు. వ్యాసం వేసిన పేజీలోనే, అంతే అక్షరాల్లో దాన్ని వేయండి; 852, 777 సూత్రాల సంఖ్యలనైనా ఈసారి ఎవరిచేతనైనా సరిచూయించండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు