బొమ్మల పీరియడ్లు రెండూ కలిపి ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రాథమిక బడుల్లో డ్రాయింగ్ నేర్పే బాధ్యత ఎస్జీటీలదే, అంటే అన్ని సబ్జెక్టులూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లదే. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు చిత్రకళకు పార్ట్‌టైం బోధకుణ్ణి ఇచ్చింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోటే. కింది తరగతుల టీచరుకు తెలిసిన దారి ఒకటే. బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు గీసి ‘చూసి వేయండి’ అనడం. మైపాడులో సూర్యుడు సముద్రంలోంచి పొడుస్తాడు. అక్కడి పిల్లాడి చేతా కొండల మధ్యే గీయిస్తున్నాం!

తప్పు టీచర్లది కాదు, టైంటేబుల్‌ది. 40 నిమిషాల పీరియడ్‌లో కాగితాలు పంచి, నీళ్లు తెచ్చి, రంగులు పోయడానికి పది నిమిషాలు పడుతుంది. చివర్లో బ్రష్షులు కడిగి నేల తుడవడానికి ఇంకో పది. మిగిలిన ఇరవైలో మొదటి పూత కూడా ఆరదు. అందుకే రంగుల జోలికి పోకుండా అచ్చు బొమ్మలు ఇచ్చి క్రేయాన్లతో నింపమంటారు. వారంలో విడివిడిగా ఉన్న రెండు పీరియడ్లను కలిపేస్తే ఈ చిక్కు తీరుతుంది. పిల్లలు పుస్తకాల సంచి లేకుండా వచ్చే నో బ్యాగ్ డే శనివారాలు ఇందుకు అనువు.

సరుకు పెద్దగా అక్కర్లేదు. 30 మంది తరగతికి 22×28 అంగుళాల డ్రాయింగ్ షీట్లు ఎనిమిది చాలు, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసుకోవచ్చు. జిరాక్స్ కాగితం తడికి ఉబ్బి, బ్రష్ రెండోసారి తగలగానే చిరుగుతుంది. షీటు మందం కనీసం 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండాలి. పోస్టర్ కలర్లలో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు కొనండి. మొదటి నెలల్లో నలుపు వద్దు. అది చేతికందితే పిల్లలు దేన్ని ముదురు చేయాలన్నా నలుపే కలిపేస్తారు, రంగులు కలపడం నేర్చుకోరు. బ్రష్ పదో నంబరు చదునుది ఇవ్వాలి. ఆరేళ్ల పిల్లలు గీసేది భుజం నుంచి, వేళ్లతో కాదు. రెండో నంబరు సన్న బ్రష్ వాళ్లకు శిక్షే.

నలుగురికి రెండు మగ్గుల నీళ్లు, ఒక పాత గుడ్డ పెట్టాలి. ఒక మగ్గు బ్రష్ కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. ఒకటే పెడితే కాసేపటికి అన్ని రంగులూ బురదవుతాయి. బ్రష్షులను నీళ్లలో నిలబెట్టి ఇళ్లకు వెళ్లిపోతే కుచ్చు వంగుతుంది, రేకు వదులై వెంట్రుకలు ఊడతాయి. మైదా జిగురు బడిలోనే కాచుకోవచ్చు. ఒక వంతు మైదాకు నాలుగు వంతుల నీళ్లు. పురుగు పట్టకుండా మైలతుత్తం వేసే అలవాటు కొందరికి ఉంది, అది విషం. చిన్నపిల్లల దగ్గర దాని ఊసే వద్దు, ఏ రోజుకారోజు కాచుకోవడం మేలు.

మట్టి పని ఖర్చు లేనిది, కానీ మట్టి చూసి ఎంచుకోవాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది కాబట్టి బొమ్మ నెర్రెలు విచ్చుతుంది. కుమ్మరి వాడే చెరువు మట్టి అడిగి తేవాలి. ఎండబెట్టి, నలగ్గొట్టి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, నాలుగోవంతు సన్న ఇసుక కలిపి పిసకాలి. బొమ్మ వేలి మందం దాటకూడదు. చెవులు, కాళ్లు అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు పెట్టి, నీరుమట్టి పూసి నొక్కకపోతే ఆరాక ఊడొస్తాయి. ఆరబెట్టేది నీడలోనే. ఎండలో పెడితే పైభాగం ముందు బిగిసి పగులుతుంది.

డిజైన్ అనగానే కంప్యూటర్ గుర్తొస్తుంది గానీ, మన వాకిట్లో ముగ్గును మించిన పాఠం లేదు. ఏడు చుక్కలు పెట్టి, సందు చుక్కతో, అంటే ముందు వరస చుక్కల సందుల్లో పెడుతూ, అటూ ఇటూ నాలుగు దాకా తగ్గిస్తే మొత్తం 37. చుక్క కింద చుక్క పెట్టే సరి చుక్కలో చదరాలు పుడతాయి, సందు చుక్కలో త్రిభుజాలు, ఆరు భుజాల ఆకారాలు. మగపిల్లల చేతా వేయించాలి, మార్కాపురం పలక మీద అయితే తప్పు పోయినా చెరిపి గీసుకోవచ్చు. నాలుగు, ఐదు తరగతులకు ఉదయగిరి చెక్క గరిటె ఒకటి, ఇంట్లోని స్టీలు గరిటె ఒకటి పక్కపక్కన పెట్టి అడగండి: కాడ ఎందుకంత పొడుగు? చెక్కది ఎందుకు మందం? ఏది చెయ్యి కాలుస్తుంది? తర్వాత చూసి గీయమనండి. తనిఖీ వస్తుందని టీచర్లే రాత్రిళ్లు కూర్చుని వేసే చార్టుల కన్నా పిల్లలు గీసిన ఆ వంకర గరిటెలు గోడకు అందం.

ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది దాకా ఉన్న బడికి ఏడాదికి 10 వేలు, వందమంది దాకా ఉంటే 25 వేలు. సుద్దముక్కలు, రిపేర్లు అన్నీ అందులోంచే. పారిశుధ్యానికి కనీసం పదిశాతం అని నియమం ఉంది కదా, బొమ్మల సరుకుకూ ఒక వాటా ఖరారు చేయాలి. హైస్కూలు డ్రాయింగ్ మాస్టార్ల చేత చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఎస్జీటీలకు శిక్షణ ఇప్పించాలి. ఉపన్యాసాలు వద్దు, టీచర్ల చేతికి బ్రష్షూ మట్టీ ఇవ్వాలి. రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు బడులు తెరిచేలోపే ఈ ఉత్తర్వు ఇస్తే కొత్త టైంటేబుల్‌లో జంట పీరియడ్ చేర్చడం తేలిక.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, కావలి