అక్కా, అమ్మని కంగారు పడొద్దని చెప్పు

అక్కా,

మేమిద్దరం కౌన్సెలింగ్‌కి వెళ్తున్నామని నిన్న ఫోన్లో సగం చెప్పేసరికే వెనకనించి అమ్మ ఏడుపు మొదలెట్టింది, ఇంక నాకు నోరు పెగల్లేదు. అందుకే మొత్తం రాసి పంపిస్తున్నా, తీరిగ్గా చదువుకుని నీ మాటల్లో అమ్మకి చెప్పు. ముందు అసలు సంగతి, మేం విడాకులు తీసుకోవట్లేదు. అమ్మ భయం నాకర్థమైందిలే. మన వైపు మొగుడూ పెళ్ళాల్ని కౌన్సెలింగ్‌కి పిలిచారంటే మహిళా పోలీస్ స్టేషన్‌కో ఫ్యామిలీ కోర్టుకో కదా, అంటే అప్పటికే వ్యవహారం వేధింపుల కేసు (మనవాళ్ళు 498ఏ అనేది) దాకా పోయిందన్నమాట. ఇక్కడ అమెరికాలో మాకు కేసూ లేదు, ఎవరూ పిలవనూ లేదు, మా అంతట మేమే డబ్బు కట్టి వెళ్తున్నాం.

గొడవలంటావా, నీకు తెలిసినవే. హెచ్-4 మీద, అంటే మొగుడి వీసాని బట్టి భార్యకిచ్చే వీసా మీద ఉన్నాను కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి లేదు, 2015 నుంచి మాలాంటి వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ ముందు మొగుడి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ) అప్రూవ్ అవ్వాలి, మీ మరిదిది ఇంకా అవ్వలేదు. హైదరాబాద్‌లో నా జీతం నా అకౌంట్లో పడేది, ఇక్కడ కూరగాయల బిల్లెంతైందో కూడా చెప్పాల్సొస్తుంటే ఎలా ఉంటుందో నువ్వే చెప్పు. తనకేమో వీసా టెన్షను, లేఆఫ్ భయం, ఆ పైన మా అత్తగారు ఆర్నెల్లు ఉండి వెళ్ళినప్పుడు జరిగినవన్నీ లోపల పెట్టుకుని మాటామంతీ మానేశాడు.

కౌన్సెలింగ్ చేసే మనిషిని వెతకడం మాత్రం పెళ్ళిసంబంధాలు చూసినట్టే అయిందే బాబూ. సైకాలజీ టుడే అని ఒక సైటుంది, అందులో మన పిన్‌కోడ్ కొట్టి, భాష, ఇన్సూరెన్సు, కపుల్స్‌ని చూస్తారా లేదా అన్నీ పెట్టి వెతుక్కోవచ్చు, ఫొటోలతో సహా వస్తారు. మెసేజ్ పెడితే సగంమంది కొత్తవాళ్ళని తీసుకోవట్లేదంటారు, కొందరైతే జవాబే ఇవ్వరు. ఇచ్చినవాళ్ళు పావుగంట ఫ్రీగా ఫోన్లో మాట్లాడతారు, ఆ పావుగంటలోనే మనం అడగాల్సినవి అడిగెయ్యాలి. ఎల్ఎంఎఫ్‌టీ లైసెన్సు ఉందా (అది ప్రత్యేకంగా దంపతులకీ కుటుంబాలకీ చేసేవాళ్ళది), ఎక్కువ జంటల్నే చూస్తారా, సాయంత్రాలు ఖాళీ ఉందా, ఇలాంటివి. ఫీజు మా న్యూజెర్సీ వైపు ఒక్కో సెషన్‌కి 150 నుంచి 250 డాలర్లు మామూలు, సెషన్ అంటే 50 నిమిషాలు. బావకి చెప్పకు, వెంటనే రూపాయల్లోకి లెక్కేసి గుండె పట్టుకుంటారు. ఇన్సూరెన్సు కడుతుంది కదా అనుకున్నాం, కానీ ఇద్దరిలో ఒకళ్ళకి డిప్రెషనో యాంగ్జైటీయో ఉందని రాస్తే తప్ప చాలా ఇన్సూరెన్సులు కట్టవట, మొగుడూ పెళ్ళాల పోట్లాట జబ్బు కింద రాదు మరి! చివరికి తన ఆఫీసులో ఈఏపీ అని ఉద్యోగులకిచ్చే సాయం ఒకటుంటే దాని కింద మొదటి కొన్ని సెషన్లు ఫ్రీగా వచ్చాయి. ఎవరు వాడుకున్నారో మేనేజర్‌కి తెలియదని రాసుందని చూపిస్తే గానీ తను ఒప్పుకోలేదు.

ఆ ఈఏపీ వాళ్ళిచ్చినావిడ అమెరికన్, మంచావిడే, కాకపోతే అత్తగారు మా ఇంట్లో ఆర్నెల్లు ఎందుకున్నారో చెప్పడానికే సెషన్ అయిపోయేది. ఈసారొస్తే హోటల్లో పెట్టకూడదా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, తనకి కోపమొచ్చింది, చాలా రోజుల తర్వాత ఆ రోజు కార్లో ఇద్దరం ఒకే పార్టీ. సరే అని తెలుగువాళ్ళని చూస్తే ఒకావిడ దొరికింది గానీ మేమెళ్ళే గుడికే వస్తుంది, రేపు ప్రసాదం లైన్లో ఎదురుపడితే? ఆవిడ ఎవరికీ చెప్పకూడదు, లైసెన్సు పోతుంది, అది నాకూ తెలుసు, అయినా వద్దనుకున్నాం. ఇప్పుడు చూస్తున్నది కన్నడావిడ, ఇక్కడే పుట్టి పెరిగింది. ఇంగ్లీషులోనే మాట్లాడతాం, మధ్యలో నేను ఆడపడుచు అన్నా ఆగి అడగదు.

మొదట్లో మీ మరిది పెద్దమనుషుల పంచాయితీ అనుకున్నాడు. తన వాదనంతా అప్పజెప్పి "ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?" అన్నాడు. ఆవిడ తీర్పేం చెప్పలేదు, "ఈ మాట విన్నప్పుడు తన మొహం చూశారా?" అంది, అంతే. ఆవిడే చెప్పింది, సియాటెల్‌లో గాట్‌మన్ అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి జంటల్ని కూర్చోబెట్టి పరిశీలించి, కాపురాల్ని పాడుచేసేవి ముఖ్యంగా నాలుగని తేల్చాడట. ఎప్పుడూ తప్పులెన్నడం, చులకనగా వెటకారమాడటం, ఏమన్నా తనని తాను వెనకేసుకురావడం, అసలు పలక్కుండా బిగుసుకుపోవడం. చివరిది మన నాన్నే కదే! వెటకారం దగ్గరికొచ్చేసరికి మీ మరిది "గోదావరోళ్ళకి అది కూడా తీసేస్తే ఇంకేం మాట్లాడాలండీ" అన్నాడు. ఇంకో రూల్ ఉంది, ఒకళ్ళు విడిగా ఆవిడకి ఫోన్ చేసి రెండోవాళ్ళకి చెప్పొద్దంటే కుదరదు, మొదట్లోనే సంతకం పెట్టించుకుంది.

అన్నీ మారిపోయాయని అనను. మొన్న కూడా వాళ్ళ చెల్లికి పంపిన డబ్బు గురించి అరుచుకున్నాం. కానీ తను హాల్లోకెళ్ళి పడుకోకుండా, "అరగంట ఆగి మాట్లాడదాం" అన్నాడు, అరగంటకి నిజంగానే వచ్చాడు. ఒక్కటి మాత్రం చెప్పాలి, చెయ్యి చేసుకునే మొగుడైతే ఇలా జంటగా వెళ్ళడం పనికిరాదని ఆవిడే అంది, అక్కడ చెప్పిన మాటకి ఇంటికెళ్ళాక తన్నులు తినాల్సొస్తుందట. అలాంటి వాళ్ళ కోసం ఇక్కడ 1985 నుంచి మానవి అని మన దక్షిణాసియా దేశాల ఆడవాళ్ళ సంస్థ ఉంది.

నువ్వు కూడా మాట్లాడొచ్చా అన్నావు. ఈవిడతో కుదరదే, లైసెన్సు ఏ రాష్ట్రానిదైతే అక్కడున్నవాళ్ళనే చూడాలి. వీడియో కాల్ మొదలవగానే ఇప్పుడు ఎక్కడున్నారని అడుగుతుంది, మీ మరిది పనిమీద డాలస్ వెళ్తే ఆ వారం సెషన్ లేదు. నువ్వు 14416కి చెయ్యి, టెలి మానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే గవర్నమెంటు ఫోన్ లైను, 2022లో పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బావ ఇంట్లో లేనప్పుడు ఒకసారి చేసి చూడు.

పిన్నికి మాత్రం చెప్పకు, సాయంత్రానికి తెనాలంతా తెలిసిపోద్ది. ఇంకోటి, మాకు బుధవారం రాత్రి ఎనిమిదింటికి సెషన్, అంటే మీకు గురువారం పొద్దున్న ఐదున్నర. అమ్మ లేచీ లేవగానే వీడియో కాల్ చేస్తుంది కదా, ఆ రోజు ఆరున్నర దాటాక చెయ్యమను.

నీ చెల్లి