108కి పిల్లలు కూడా ఫోన్ చేయొచ్చని చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా వీధిలో మూడో తరగతి చదివే పిల్లాడు ఒకడున్నాడు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి రెండేళ్లయింది. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టెక్కేటప్పుడు ఫోన్ సంచిలో పెట్టి గట్టు మీద వదిలేస్తాడు. పిల్లాడిని చూసుకునేది అమ్మమ్మ. ఆవిడకు షుగర్ ఉంది.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పాలు తోడెయ్యడానికి ఇంత పెరుగు అడుగుదామని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకడం లేదు. పిల్లాడు ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఏడవడం కూడా లేదు. రెండో చేతిలో ఫోన్ ఉంది. వెంటనే 108కి చేశాను. వాళ్లు వచ్చి పరీక్ష చేసి, షుగర్ బాగా పడిపోయిందని గ్లూకోజ్ ఎక్కించారు. ఆసుపత్రికి చేరేలోపే కళ్లు తెరిచింది. ఇప్పుడు బాగానే తిరుగుతోంది.

ఆ రాత్రి ఆ ఫోన్ తీసి చూశాను. వాట్సాప్‌లో వాళ్లమ్మకు చేసిన వీడియో కాల్స్ వరసగా పదకొండు ఉన్నాయి. ఒక్కటీ ఎత్తలేదు. మనకు నాలుగైతే కువైట్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. యజమానుల ఇంట్లో భోజనాల వేళ ఆ పిల్ల ఫోన్ ముట్టుకోవడానికి ఉండదు. వాడికి మాత్రం కష్టమొస్తే పిలవాల్సింది అమ్మనే కదా. అమ్మ ఫొటో మీదే నొక్కుతూ కూర్చున్నాడు.

రెండు రోజులాగి మెల్లగా అడిగాను, “ఏరా నాన్నా, 108కి చెయ్యాలని నీకు తెలీదా?” అని. “తెలుసండి, మా బడి గోడ మీద ఉంటదండి. అది పెద్దోళ్లు చేసేది కదండి” అన్నాడు.

ముప్పై ఒక్కేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. పెయింటర్‌ని పిలిపించి గోడల మీద ఆ నంబర్లు రాయించినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్లల చేత చదివించాను, పలకల మీద రాయించాను. నువ్వు కూడా చెయ్యొచ్చురా, ఎవరూ తిట్టరు అని ఒక్కరోజు కూడా చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

పిల్లలు ఎందుకు భయపడతారో ఆలోచిస్తే తప్పంతా మన దగ్గరే కనిపిస్తుంది. అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తామంటాం. ఫోన్‌లో పిచ్చి నంబర్లు నొక్కితే జీపు వస్తుందంటాం. అలా పెరిగిన పిల్లాడు నిజంగా అవసరమొచ్చిన రోజున ఆ నంబర్ ఎలా నొక్కుతాడు? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఇరవై ఏళ్లు దాటింది. ఈ రోజు బడుల్లో ఉన్న పిల్లల్లో ఆ సైరన్ వినని వాళ్లుండరు. దాన్ని పిలవడం మాత్రం ఎంతమంది చేత సాధన చేయించాం?

పిల్లాడిని అని ఏం లాభం? ఆ రోజు నేనే తడబడ్డాను. అవతలి అమ్మాయి “ఏ జిల్లా అమ్మా?” అని అడిగితే టెన్షన్‌లో “తూర్పు గోదావరి” అనేశాను. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, మాది కోనసీమ అయింది. నోటికి ఇంకా పాతదే వస్తుంది. మండలం పేరు అడిగాక గానీ సర్దుకోలేదు. తెలంగాణలోనూ 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత ఇంకో రెండు కలిశాయి. పెద్దవాళ్లకే ఇలా ఉంటే పిల్లల మాటేమిటి? ఫోన్ ఎత్తే మనిషి ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. కొత్తపేట అంటే గుంటూరులో ఉంది, విజయవాడలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది, మా కోనసీమలోనూ ఉంది. మా వైపు సగం ఊళ్ల పేర్ల చివర లంక అనే ఉంటుంది. ఇళ్లు తోటల మధ్యలో విడివిడిగా ఉంటాయి. “కాలువ గట్టు మీద, రామాలయం దాటాక రెండో ఇల్లు” అని చెప్పగలగాలంటే ముందే ఆ మాటలు నోట్లో నానాలి.

అందుకే మా అరుగు మీద వీధి పిల్లలు తొమ్మిది మందిని కూర్చోబెట్టి ఆటలాగా మొదలుపెట్టాను. పెన్సిల్ డబ్బా ఫోను. నేను గదిలో తలుపు వెనక కూర్చుని 108 అవుతాను. నాలుగో తరగతి పాప ఒకతి “హలో, మా తాతయ్యకి బాగోలేదండి” అని డబ్బా కింద పెట్టేసి లేచిపోయింది. ఎక్కడో చెప్పలేదు. మళ్లీ చేయించి “ఎక్కడమ్మా?” అని అడిగితే “మా ఇంట్లోనండి” అంది. “తాతయ్య పేరేంటమ్మా?” అంటే దిక్కులు చూసింది. తొమ్మిది మందిలో ఇంటి పెద్దవాళ్ల అసలు పేరు తెలిసినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లకు అమ్మమ్మ పేరు అమ్మమ్మే. నాలుగోసారికి అదే పాప ఊరు, మండలం, జిల్లా, గుడి గుర్తు, తాతయ్య పేరు గుక్క తిప్పుకోకుండా చెప్పి, “ఇంకేమైనా అడుగుతారాండి?” అని కూడా అంది. మొత్తం కలిపి గంట పట్టలేదు.

ఫోన్‌కి లాక్ ఉంటే ఏం చెయ్యాలో కూడా చూపించాను. తెర మీద కింద “ఎమర్జెన్సీ కాల్” అని ఉంటుంది, అది నొక్కి 112 కొడితే చాలు, ప్యాటర్న్ అక్కర్లేదు. పోలీసు, ఫైరింజన్, అంబులెన్సు, మూడింటికీ ఆ ఒక్క నంబరే పనిచేస్తుంది. నా అభిప్రాయంలో చిన్న తరగతుల వాళ్లకు నంబర్ల చాంతాడంత జాబితా వద్దు. 108, 112 చాలు. వాటితోపాటు 1098 ఒక్కటి. ఇది 1996లో ముంబైలో మొదలైన పిల్లల సహాయ నంబర్, ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది. కొట్టేది, చెడుగా ముట్టుకునేది, బడి మాన్పించి పెళ్లి చేస్తామనేది ఇంట్లోవాళ్లే అయినప్పుడు ఆ పిల్లకు చెప్పుకునే దిక్కు అదే. ఇది నేర్పడానికి టీచర్లు మొహమాటపడుతున్నారు. పడకూడదని వాళ్లను బతిమాలుతున్నాను.

కేకెయ్యడం కూడా నేర్పాలి సార్. మా వైపు ప్రతి వేసవిలో కాలవల్లో పిల్లలు పోతున్నారు. మునిగేవాడిని లాగబోయి, ఈత రాని ఇంకొకడు దిగి వాడూ పోతాడు. నీళ్లలోకి దిగొద్దు, గట్టు మీద నిలబడి గొంతు చించుకుని అరువు, కొబ్బరి మట్టో తాడో అందించు, ఖాళీ టిన్ను విసురు. పిల్లాడికి చెప్పాల్సింది ఇంతే. కరెంటు షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోవద్దని కూడా ఇలాగే చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో శనివారాలు నో బ్యాగ్ డే పెట్టారు కదా. జూన్‌లో బడులు తెరిచాక వచ్చే మొదటి శనివారం దీనికి ఇవ్వమని విద్యాశాఖను కోరుతున్నాను. నినాదాలు, ర్యాలీలు వద్దు. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒక్కసారైనా డబ్బా ఫోన్ పట్టుకుని తన అడ్రస్ తను చెప్పాలి. నిజం నంబర్‌కి మాత్రం ఎవరూ చేయకూడదు, ఆ లైన్ అవతల ఎవరి ప్రాణమో ఉంటుంది. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన అమ్మమ్మలకు, తాతలకు కూడా ఇది చూపించాలి, వాళ్ల ఫోన్‌లోనే చూపించాలి. జగిత్యాల, నిజామాబాద్ వైపు కూడా గల్ఫ్‌కు పోయినవాళ్ల పిల్లలు నాయనమ్మల దగ్గరే పెరుగుతున్నారు. తెలంగాణ విద్యాశాఖ కూడా ఆలోచించాలి.

మా మండలంలో ఏ బడివారు పిలిచినా నా ఖర్చుతో నేనే వచ్చి పిల్లల చేత ఈ ఆట ఆడిస్తాను. ఆ పిల్లాడు కూడా వస్తానన్నాడు. తలుపు వెనక కూర్చుని 108 అయ్యేది ఇప్పుడు వాడే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా